ఖాళీ బస్సు బరువు

కోర్నీ డ్యూక్ వచ్చీ రాగానే టేపు తియ్యలేదు.
బూటు మడమతో మా డ్రైవ్‌వే గులకరాళ్ళని
రెండు తన్నులు తన్ని
కిందున్న నల్లటి జిగట బయటపడ్డాక
అప్పుడడిగాడు:
"దీని మీద ఏం నిలబడుతుంది?"

ఎంత పొడవనలేదు, ఎంత డబ్బుందనలేదు.
ఏం నిలబడుతుందన్నాడు.

ఎల్డన్ దగ్గర జవాబు సిద్ధం.
కారు. ఎండాకాలం పడవ బండి. అంతే.
"నాలుగంగుళాలు చాలవూ?
మా చెల్లెలి వాళ్ళదీ నాలుగే."

నేను బస్సు వైపు చూశాను.
పసుపు రంగుది, నలభై ఎనిమిది సీట్లది,
చలికాలం రాత్రుళ్ళు హీటరు తీగతో మా గోడకి
పలుపు కట్టిన గేదెలా
ఇరవై రెండేళ్ళుగా ఇక్కడే పడుకుంటున్నది.

"అది ఇంకో రెండేళ్ళేగా" అన్నాడు ఎల్డన్,
నా చూపు పట్టేసి.

నిజమే. రెండేళ్ళకి తాళాలు ఆఫీసులో ఇచ్చేస్తాను.
కాంక్రీటేమో ముప్పై ఏళ్ళుంటుంది.
రెండేళ్ళ బరువుకి ముప్పై ఏళ్ళ మందం
పోయించుకునే వెర్రివాళ్ళుంటారా?

కోర్నీ గొంతుక్కూర్చుని మట్టిని ముద్ద చేశాడు.
వేళ్ళని పట్టుకుని వదల్లేదది.
"ఈ రెడ్ నది లోయంతా ఇదే రేగడి.
తాగుతుంది, ఉబ్బుతుంది, ఎండితే నోరు తెరుస్తుంది.
జనవరిలో గడ్డకట్టి వీపు పైకెత్తుతుంది.
పదంగుళాలు పోసినా సరే,
కింద సరిగ్గా లేకపోతే
బిస్కట్టు విరిగినట్టు విరుగుతుంది.
అడుగు లోతు తవ్వాలి. కంకర పోసి దిమ్మిస కొట్టాలి.
మళ్ళీ పోసి మళ్ళీ కొట్టాలి.
మందం ఎంతని అందరూ అడుగుతారు,
కింద ఏముందని ఎవరూ అడగరు."

చెవి మీది పెన్సిలు తీసి
పాత రసీదు వెనక రాశాడు: నాలుగు. ఐదు. ఆరు.
నాలుగు కింద గీత గీయబోయి ఆగి,
"బస్సు బరువెంత?"

"ఎనిమిది టన్నులకి కాస్త తక్కువ."

"పిల్లలతోనా?"

"ఖాళీగా.
పిల్లలెప్పుడూ ఇక్కడి దాకా రారు."

అన్నాక వినబడింది నాకా మాట.
ఆఖరి మలుపులో కవలలిద్దరూ దిగిపోయాక
చివరి సీటు దాకా నడిచి వెతుకుతాను,
నిద్రపోయినవాళ్ళెవరైనా మిగిలారేమోనని.
ఒంటి చేతితొడుగు. కొరికి వదిలేసిన యాపిల్.
అవే నాతో ఇంటికొచ్చేవి.

"ఒకసారి వచ్చారు" అన్నాడు ఎల్డన్.

ఎవరూ మాట్లాడలేదు.

"ఆ మంచు తుఫాను రాత్రి. హైవే మూసేశారు.
పదకొండు మంది.
సోఫా మీద, మెట్ల మీద, బాత్‌టబ్‌లో ఒకడు.
తెల్లారి పాన్‌కేకులు పోసింది నేనే.
పిండి అయిపోతే..."
ఏమైందో చెప్పలేదు. ముక్కు తుడుచుకున్నాడు.

కోర్నీ నవ్వాడు:
"పదకొండు మంది పిల్లలకి
అర అంగుళం కూడా పెంచక్కర్లేదు బాబూ."

"తెలుసు" అన్నాడు ఎల్డన్. "ఆరు రాయి."

ఆగస్టులో పోశారు.
ఆ సిమెంటు లారీ, మా బస్సుకి మూడింతలది,
దాన్ని మాత్రం రోడ్డు మీదే ఆపాడు కోర్నీ.
తూములోంచి జారిన బూడిదరంగు జావని
నలుగురు కుర్రాళ్ళు బల్లచెక్కతో లాగి లాగి చదును చేశారు.
ఊచల వల మునిగిపోయింది. రెండోనాడు కోతలు కోశారు,
పగిలేదేదో చెప్పిన చోటే పగలమని.
నాలుగు వారాలు బస్సుని
గోధుమల గిడ్డంగి దగ్గర వదిలి నడిచొచ్చాను.

సెప్టెంబరు, బడి తెరిచిన మొదటి సాయంత్రం,
ఆరంగుళాల మీదికి మెల్లగా ఎక్కించాను.
కదల్లేదు. కిర్రుమనలేదు. అసలేమీ అనలేదు.

అక్కడే తెలిసొచ్చింది.
ఇన్నేళ్ళూ టైర్ల కింద గులకరాళ్ళు నలిగిన చప్పుడు విని
ఎల్డన్ టీకి నీళ్ళు పెట్టేవాడు.
నేను తలుపు తీసేసరికి స్టవ్ చల్లగా ఉంది,
ఆయన కుర్చీలో నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు.

మర్నాటి నుంచీ
మలుపు దగ్గరే హారన్ కొడుతున్నాను.